పోస్టరు మీద అమ్మ మాట

ఆ మాటను మొదట చదివింది వదినగారే. చదివి ఊరుకున్నా బాగుండేది... పైకి చదివింది. అదీ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, కాలేజీ ప్రాజెక్టుల ప్రదర్శన జరుగుతున్న అంత పెద్ద హాలులో అటు రెండు స్టాళ్ళకూ ఇటు రెండు స్టాళ్ళకూ వినబడేలా చదివింది.

"ఒక్కోసారి... తెల్లారేసరికి ఈవిడ లేవకపోతే బాగుండు అనిపిస్తుంది."

చదివాక ఆవిడ కళ్ళజోడు తీసి, తమ్ముడి భార్య వైపు తిరిగి, ఆమె మెడలో వేలాడుతున్న కార్డును చూసింది. కార్డు మీద 'యూజర్' అని ఉంది, పిల్లలు చేసిన యంత్రాన్ని వాడే మనిషి అని. పోస్టరు మీద ఆ మాట కింద కూడా 'యూజర్' అనే ఉంది. ఇక విప్పి చెప్పాల్సింది ఏముంది?

"ఈవిడ అంటే ఎవరు? మా అమ్మేనా?"

ఆమె పోస్టరు వైపు తిరిగింది. అక్షరాలు తన అరచేయంత ఉన్నాయి. పక్కనే ఫొటో... మొహం లేదు, రెండు చేతులు మాత్రమే ఉన్నాయి, ముసలావిడ చంకల కింద దూర్చి పైకి లేపుతున్న చేతులు. ఆ చేతులు తనవి. మంచం మీద పూల దుప్పటి తను ఉతికి ఆరేసినది. ఆ మాట కూడా తనదే. కాదనడానికి వీల్లేదు. కానీ అది సగం మాట! మిగతా సగం ఏదీ? పోస్టరంతా వెతికింది. కొలతలున్నాయి, బాణం గుర్తులున్నాయి, రంగురంగుల గీతలున్నాయి. తన మిగతా సగం మాట మాత్రం ఎక్కడా లేదు.

అసలు ఆ మాట ఎలా వచ్చిందంటే... అత్తగారికి పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయినప్పుడు ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తోంది. ఉద్యోగం మానెయ్యమని ఎవరూ అనలేదు. మానొద్దని కూడా ఎవరూ అనలేదు. మన ఇళ్ళల్లో ఆడదాని ఉద్యోగం పోయే పద్ధతి అదే కదా! మొదట సెలవన్నారు, తర్వాత సగం రోజన్నారు, ఆ తర్వాత ల్యాబువాళ్ళే వేరే అమ్మాయిని పెట్టుకున్నారు. అప్పటినుంచీ పొద్దున్నే లేపి కుర్చీలో కూర్చోబెట్టడం, ఒళ్ళు తుడవడం, నడుం కింద పుండు పడకుండా మాటిమాటికీ పక్కకు తిప్పడం అంతా ఆమే. ముసలావిడ మాట కూడా ముద్దగా మారిపోయింది. తల ఎడమకు వాల్చి "ఆ... ఊ" అంటే నీళ్ళు. అదే దీర్ఘం తీస్తే దుప్పటి. కన్నకొడుక్కి ఈ భాష పట్టుబడలేదు. పట్టుబడేంతసేపు ఆ గదిలో ఆయన ఉంటే కదా! కోడలికి పట్టుబడింది, పక్కన ఆడుకుంటూ పెరిగిన మనవరాలికి పట్టుబడింది.

మనవరాలిని ఇంట్లో అందరూ గువ్వ అంటారు. ఇప్పుడు ఇంజినీరింగు ఆఖరి సంవత్సరం. డిజైను ప్రాజెక్టుకు ఏం చేద్దామని నలుగురు స్నేహితులూ బుర్రలు బద్దలు కొట్టుకుంటుంటే, గువ్వే అంది, "మా అమ్మ నడుం పోతోంది, నాయనమ్మను లేపే యంత్రం చేద్దాం" అని. ఆ రోజు ఆ తల్లి ఎంత పొంగిపోయిందో! నడుం గురించి తను ఎవరికీ చెప్పుకోలేదే, పిల్ల ఎప్పుడు చూసిందో, ఎలా కనిపెట్టిందో అని వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. పిల్లలు టేపులు పట్టుకుని ఇంటికొచ్చారు. మంచం ఎత్తు కొలిచారు, ఆమె మోకాలు మంచంపట్టెకు ఎక్కడ ఆనించి బలం తీసుకుంటుందో సుద్దముక్కతో గుర్తు పెట్టారు. "ఆంటీ, ఇంకోసారి లేపండి, ఫొటో సరిగ్గా రాలేదు" అన్నారు. ఫొటో కోసం లేపడమంటే ముసలావిడకు వినోదం. బాగున్న సగం నోటితో నవ్వింది కూడా.

ఒక మధ్యాహ్నం తల్లీకూతుళ్ళే ఉన్నారు. ఆమె దుప్పట్లు మడత పెడుతోంది. గువ్వ ఎదురుగా కూర్చుని ఆ చివర పట్టుకుంది. "అమ్మా, నిజం చెప్పు. నీకెప్పుడూ విసుగు రాదా?" అని అడిగింది. అలా అడిగినవాళ్ళు ఇన్నేళ్ళలో ఎవరూ లేరు. అందుకే గుండెలో ఉన్నది నోట్లోంచి జారిపోయింది. "ఒక్కోసారి తెల్లారేసరికి ఈవిడ లేవకపోతే బాగుండు అనిపిస్తుందే... అనిపించిన మరుక్షణం ఒళ్ళు జలదరిస్తుంది. పరుగున వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను, ఊపిరి ఆడుతోందా అని. ఆడుతుంటేనే నాకు ఊపిరొస్తుంది." అంతే అంది. ఫోను దుప్పట్ల పక్కన బోర్లా ఉంది. అది వింటోందని ఆమెకు తెలియదు. తెలిసినా అది కూతురికి చెప్పుకున్న మాట, ఫోనుకు చెప్పింది కాదు.

ఇప్పుడు హాలులో, వదినగారి చూపు ఒంటికి గుచ్చుకుంటుండగా, ఆమె కూతుర్ని స్టాలు వెనక్కి లాగింది.

"మిగతాది ఏదే గువ్వా?"

"అమ్మా... అక్కడ రెండు లైన్లకే చోటుంది. గైడు మేడమ్ ఏమన్నారంటే, యూజర్ మాట చూసినవాళ్ళకు ఛెళ్ళున తగలాలి అన్నారు. ఒక్క అక్షరం మార్చలేదమ్మా, ఒట్టు."

"మార్చలేదు. మధ్యలో ఆపారు."

"పేరు వెయ్యలేదు కదా. మొహం కూడా లేదు. ఎవరికీ తెలీదనుకున్నాం."

ఆమె తన మెడలోని కార్డును ఎత్తి చూపించింది. పోస్టరు పక్కన అసలు మనిషిని నిలబెడితే పదిమార్కులు ఎక్కువట. అందుకని నలుగురు పిల్లలూ ఎగబడి ఆమెను పిలుచుకొచ్చారు, గువ్వ తండ్రినీ మేనత్తనూ కూడా రమ్మన్నారు, తామే మెడలో కార్డు తగిలించారు, ఇదీ మా యూజర్ అని వచ్చినవాళ్ళకల్లా చూపించారు. పేరు దాచామని ఇంకా వాళ్ళ నమ్మకం. ఇంత చదువుకున్న పిల్లలకు ఇంత చిన్న సంగతి తట్టలేదు.

"పోయి మీ అత్తకు చెప్పు. అమ్మ ఇంకా ఏమందో చెప్పు."

గువ్వ వెనక్కి తిరిగి చూసింది. వరసలో మూడో స్టాలు దగ్గర జడ్జీలు నిలబడి ఉన్నారు. అక్కడ ఒక రోబో బల్లకాళ్ళను ఢీకొడుతూ తిరుగుతోంది, దాని వెనక ఒక కుర్రాడు చెమటలు కక్కుతున్నాడు. "వచ్చేస్తున్నారమ్మా. వాళ్ళు వెళ్ళాక చెప్తాను. ఇప్పుడు మాట కత్తిరించామని తెలిస్తే కొంప మునుగుతుంది... నలుగురిదీ ఏడాది కష్టం. ప్లీజ్ అమ్మా."

జడ్జీలలో పెద్దాయనకు తెల్లగడ్డం. మెల్లగా మాట్లాడే మనిషి. పిల్లలు యంత్రం చూపించారు. చక్రాల కుర్చీకీ నూతి గిలకకూ పుట్టిన బిడ్డలా ఉంది అది. నాలుగు చక్రాలు, చక్రాలకు బిగించే తాళాలు, నడుం కిందుగా వేసే గుడ్డ పట్టీ, చేత్తో తిప్పితే మనిషిని పైకి లేపే మర. బాగుంది. నిజంగానే బాగుంది. ఆమె దాన్ని చూసి గర్వపడాల్సిన రోజు అది. పెద్దాయన మరను తానే తిప్పి చూశాడు, తల పంకించాడు. తర్వాత పోస్టరు ముందు నిలబడిపోయాడు. చాలాసేపు నిలబడ్డాడు.

"అమ్మా, ఇది నిజంగా మీరన్న మాటేనా?"

ఆమెకు కుడిపక్కన భర్త ఉన్నాడు, బూట్లు చూసుకుంటూ. ఎడమపక్కన వదినగారు, చేతులు కట్టుకుని. ఎదురుగా కూతురు. గువ్వ మెడ దగ్గర నరం కొట్టుకుంటోంది... చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు అలాగే కొట్టుకునేది, తడిగుడ్డ వేస్తూ కూర్చునేది తను. పిల్ల చెబుతుందని ఆమె ఒక్కక్షణం ఆగింది. 'సార్, అమ్మ ఇంకా ఒక మాట అంది' అంటే చాలు. ఒక్క వాక్యం! గువ్వ తల వంచుకుంది.

"నేనే అన్నానండి" అంది ఆమె.

"అంతేనా? ఇంకేమైనా అన్నారా?"

"అంతేనండి."

గొంతు వణకలేదు. వణికితే పిల్ల మార్కులు పోతాయని దాన్ని ఎలా బిగపట్టిందో ఆమెకే తెలియాలి. పెద్దాయన, "చాలా ధైర్యంగా చెప్పారమ్మా, ఇలా ఒప్పుకునేవాళ్ళు తక్కువ" అని కాగితం మీద ఏదో రాసుకుని ముందుకు కదిలాడు. ఆ మెప్పు ఆమె చెంప మీద కొట్టినట్టు తగిలింది.  వదినగారు చేతిసంచీ భుజాన వేసుకుని, గుమ్మం వైపు నడిచింది. వెనకాలే తమ్ముడు, "అక్కా, ఆగు, అది కాదు..." అంటూ పరుగెత్తాడు. ఏది కాదో ఆయనకూ తెలియదు.

మొదటి బహుమతి గువ్వ వాళ్ళ యంత్రానికే వచ్చింది. మైకులో ఆమెను కూడా పిలిచారట. అప్పటికి ఆమె ఇంటి దారిలో ఉంది.

ఇంటికి చేరేసరికి వదినగారు తల్లి బట్టలు మంచం మీద కుప్ప వేసి సంచుల్లో కుక్కుతోంది. అంతవరకూ ముసలావిడకు తోడు కూర్చున్న పక్కింటావిడ, చల్లగా చెప్పులేసుకుని జారుకుంది.

"అమ్మను నేను తీసుకెళ్తున్నా" అంది వదినగారు, తలెత్తకుండా. "బండి మాట్లాడాను. వస్తోంది."

"వదినా, ఒక్కమాట వినండి..."

"ఇంకా ఏం వినాలి? గోడంత కాగితం మీద అచ్చేసి మరీ వినిపించారుగా. పండో ఫలమో పట్టుకుని వచ్చిన ప్రతిసారీ, మా అమ్మను కన్నకూతురికంటే ఎక్కువగా చూస్తోంది మా మరదలు అని ఊరంతా చెప్పుకున్నదాన్ని నేను. నా నోటికి బుద్ధి లేదు. మనసులో ఇదా నువ్వు పెట్టుకుంది?"

వదినగారి కళ్ళ వెంట నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. అది నటన కాదు. అదే ఆమెను మరింత బాధపెట్టింది. గయ్యాళిదైతే ఎదురు తిరిగి నాలుగు దులిపెయ్యవచ్చు. తల్లి కోసం నిజంగా ఏడుస్తున్న మనిషిని ఏమనగలదు?

మంచం మీద ముసలావిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. సంచులు చూసింది. బాగున్న ఎడమచేత్తో దుప్పటి అంచు గట్టిగా పట్టుకుని, గొంతు పెకల్చుకుని ఏదో అంది. మళ్ళీ అంది.

"ఏమంటోంది?" అని అడిగింది వదినగారు. అడగక తప్పలేదు.

"రానంటున్నారు."

"చూడు మరదలా, నలుగురూ ఏమనుకుంటారోనని ఇప్పుడు పట్టుకు వేళ్ళాడకు. నీకు నచ్చిన అర్థం మా అమ్మ నోట్లో పెట్టకు."

అంతే! ఇన్నేళ్ళుగా ఆ ముసలి గొంతుకు ఉన్న ఒక్క దారి తను. ఆ దారిని కాస్తా మూసేశారు. ముసలావిడ 'రాను, రాను' అని ఎన్నిసార్లు అన్నా ఆ గదిలో ఇక అది ఉత్త మూలుగే. ఆమె అత్తగారి చేతిని దుప్పటి నుంచి మెల్లగా విడిపించి, తన చేతిలోకి తీసుకుని కూర్చుంది. ఆవిడ వేళ్ళు ఎంత బిగుసుకున్నాయంటే, ఆ నొప్పి ఆమెకు హాయిగా అనిపించింది.

బండి వచ్చి గుమ్మంలో ఆగినప్పుడే గువ్వ కూడా వచ్చింది, చేతిలో బహుమతి పట్టుకుని. బండి చూసి, నాయనమ్మను చూసి, బహుమతిని చెప్పుల దగ్గరే పడేసింది. "అత్తా, అమ్మ అంతే అనలేదు. ఇంకా ఉంది. ఊపిరి ఆడుతోందో లేదో లేచి చూస్తానంది. నేనే తీసేశాను... తప్పంతా నాదే."

వదినగారు ఆగింది. మేనకోడలి మొహంలోకి చూసింది. ఒక్కక్షణం నమ్మేలాగే కనిపించింది. తర్వాత తల అడ్డంగా ఊపింది. "అక్కడ ఆ పెద్దాయన ఇంకేమైనా అన్నారా అని అడిగితే, అంతేనండి అంది మీ అమ్మ. నా చెవులతో విన్నాను. ఇప్పుడు ఇంటికొచ్చి తల్లీకూతుళ్ళు అతుకులు వేస్తే నేను నమ్మాలా?"

గువ్వ తల్లి వైపు తిరిగింది, ఏదైనా చెప్పమన్నట్టు. ఆమె చెప్పలేదు. కూతురి కోసం ఆడిన అబద్ధం అది, దాన్ని ఇప్పుడు వెనక్కి తీసుకుంటే కూతురి బహుమతి అబద్ధమవుతుంది. పిల్ల నిజం చెప్పింది, కానీ ఆ నిజానికి విలువ పోయిన తర్వాత. బండివాళ్ళు ముసలావిడను ఎత్తబోతే మోకాళ్ళ కింద చెయ్యి వెయ్యడం వాళ్ళకు చేతకాలేదు. చివరికి ఆమే ఎత్తి కూర్చోబెట్టింది. ముసలావిడ బుగ్గ ఆమె భుజానికి ఆనింది, తడిగా. బండి కదిలాక భర్త లోపలికొచ్చి, "నువ్వు ఆ మాట అనకుండా ఉండాల్సింది" అన్నాడు. తల్లిని ఏనాడూ పక్కకు తిప్పని మనిషి! ఆమె ఆయన వైపు చూసింది. ఆయన పేపరు వెతుక్కుంటూ ముందుగదిలోకి వెళ్ళిపోయాడు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. పని లేదు. అదే పెద్ద పని అయింది. పొద్దున్నే కాళ్ళు వాటంతట అవే ఆ గదిలోకి నడిచేవి. ఖాళీ మంచం చూశాక, వచ్చిన పని గుర్తు రానట్టు కాసేపు నిలబడి వెనక్కి వచ్చేది. చూడవచ్చినవాళ్ళు, "పోనీలే, ఇప్పటికైనా నీ నడుముకు విశ్రాంతి" అన్నారు. కొందరు పైకి ఏమీ అనలేదు కానీ, ఆ చూపుల్లో పోస్టరంతా కనిపించేది. విశ్రాంతి కోరుకున్నది నువ్వే కదా అన్నట్టు ఇల్లంతా ఆమెను చూస్తూ ఉండేది. గువ్వతో అవసరమైన మాటే. తిన్నావా, తలుపు వెయ్యి, వానొస్తోంది బట్టలు తియ్యి. అంతవరకే. గువ్వ రెండుసార్లు కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. ఆమె తల నిమిరింది. నిమిరిందే తప్ప, ఆ చేతిలో వెనకటి వెచ్చదనం లేదని ఇద్దరికీ తెలిసింది.

యంత్రం కూడా ఇంటికి రాలేదు. మొదటి నమూనా కనుక కాలేజీ వాళ్ళు అద్దాల గదిలో పెట్టి దీపాలు వేశారు. ఎవరి నడుం కోసం చేశారో ఆ నడుముకు అది ఒక్కనాడూ పనికిరాలేదు.

ఇలా ఉండగా ఒకనాడు వదినగారు ఫోను చేసింది. పలకరింపు లేదు, పాడు లేదు. "అమ్మ పొద్దుట్నుంచీ ఒకటే అంటోంది. ఏంటో విను" అని ఫోను తల్లి నోటి దగ్గర పెట్టింది. ఆమె విని, "కిటికీ మూయమంటున్నారు, వెలుగు కళ్ళలో పడుతోందట" అని చెప్పింది. కిటికీ మూసిన చప్పుడు వినిపించింది. ఫోను పెట్టేశారు. మర్నాడు మళ్ళీ చేసింది. ఆ తర్వాత రోజుకు రెండుసార్లు, మూడుసార్లు. పక్కకు తిప్పమంటున్నారు. కాలు తిమ్మిరెక్కిందట. పాలు వేడిగా ఉన్నాయట. నీకు నచ్చిన అర్థం పెట్టకు అన్న మనిషే, ఆమె చెప్పిన ప్రతి అర్థాన్నీ నోరెత్తకుండా నమ్మింది. ఆమె కూడా నోరెత్తలేదు. దెప్పాలంటే మాటలు లేకనా? ఆ గొంతు ఫోనులో అయినా వినబడుతోంది, అది పోతుందేమోనని భయం.

మళ్ళీ ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ఈసారి వదినగారు ఫోనును తల్లి దగ్గర పెట్టలేదు. తనే పట్టుకుంది.  ముక్కు ఎగబీల్చడం మాత్రం వినిపిస్తోంది.

"వదినా... అత్తయ్యకు బాగానే ఉందా?"

"ఉంది. నిద్రపోతోంది." మళ్ళీ ముక్కు ఎగబీల్చింది. "నా నడుం పడిపోయింది మరదలా. లేపలేకపోతున్నా. అది కాదు నేను చెప్పాలనుకుంది... ఇవాళ తెల్లవారుజామున అమ్మ మంచం చూస్తూ కూర్చున్నాను. నువ్వన్న మాటే... అచ్చం ఆ మాటే నా మనసులోకి వచ్చింది. నన్ను కన్నతల్లే అది. కన్నతల్లి గురించి అలా అనుకున్నాను."

ఆమె గోడకు ఆనుకుంది. ఎన్నిసార్లు ఊహించుకుంది ఈ క్షణాన్ని! వదినగారికి తెలిసిరావాలని, తన ఉసురు తగలాలని ఎన్ని మధ్యాహ్నాలు పళ్ళు కొరుక్కుంది! తీరా తెలిసొచ్చాక, గెలిచినట్టు ఏమీ లేదు. 

"అనుకున్నాక ఏం చేశారు వదినా?"

"ఏం చేస్తాను... భయమేసింది. లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను." ఆ మాట తన నోట్లోంచి వచ్చాకే వదినగారికి అది ఎవరి మాటో అర్థమైంది.  "గువ్వ చెప్పింది నిజమేనన్నమాట. నువ్వూ చూసేదానివా?"

"రోజూ."

"మరి ఆ రోజు అంతేనండి అని ఎందుకన్నావే? ఎందుకు చెప్పలేదు?"

వెనక గదిలో పుస్తకం మూసిన చప్పుడు అయింది. గువ్వ గుమ్మంలోకి వచ్చి నిలబడిందని ఆమెకు తెలుసు. తిరిగి చూడలేదు.

"అదంతా ఇప్పుడెందుకు వదినా. రేపు బండి మాట్లాడుకుని వచ్చి అత్తయ్యను తీసుకొచ్చుకుంటాను. మీరూ వచ్చి నాలుగు రోజులుండండి, నడుం కుదుటపడుతుంది." కాస్త ఆగి, గొంతు తగ్గించకుండానే అంది. "ఒక్కటి మాత్రం వినండి. నాతో అన్న ఈ మాట ఇంకెవరితోనూ అనకండి. కడుపున పుట్టినవాళ్ళతో అసలే అనకండి."

గుమ్మంలో గువ్వ ఎక్కిళ్ళు వినిపించాయి. ఆ మాట పిల్లకు ఎక్కడ తగులుతుందో తెలిసే ఆమె అంది. తగలనిచ్చింది. ఫోను పెట్టేసి, అత్తగారి గదిలోకి వెళ్ళి, చుట్టి పెట్టిన పరుపును ఎండలో వేద్దామని ఒక్కతే లాగింది. అది కదల్లేదు.

"ఏడ్చింది చాలు" అంది, కూతురి వైపు చూడకుండా. "ఇలా వచ్చి ఆ చివర పట్టుకో."